నాన్నను లేపకుండా ఆపిన వాళ్లకు

చెట్టెక్కే మోకు తాడు జారి నాన్న తాటిచెట్టు మీద నుంచి పడి నేటికి నాలుగు నెలలు. నిన్న సాయంత్రం చేతికర్ర లేకుండా వాకిట్లోంచి వేపచెట్టు దాకా నడిచి వచ్చాడు. ఈ నాలుగు మాటలు రాయడానికి ఇన్నాళ్లూ ధైర్యం చాలలేదు.

మొదటి దండం పక్క చేను పెద్దాయనకు. పడిన మనిషిని చూడగానే అందరూ లేపి కూర్చోబెట్టబోయారు. ఆయన పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడ్డాడు. ‘ఎవడూ ముట్టుకోవద్దు’ అని అరిచాడట. ఒకప్పుడు ఆయన తమ్ముడు ట్రాక్టర్ మీద నుంచి పడితే చంకల కింద చేతులు వేసి ఎత్తి ఆటోలో కుదేశారు. ఆ తమ్ముడు మళ్లీ నడవలేదు. 108 వచ్చేదాకా నాన్న ముఖానికి తువ్వాలు నీడ పట్టుకుని అక్కడే కూర్చున్నాడు. అంబులెన్స్ పిల్లలు తల, నడుము, కాళ్లు ఒకే వరుసలో ఉంచి, దుంగను దొర్లించినట్టు పక్కకు తిప్పి పలక మీదికి చేర్చారు. వాళ్ల పేర్లు కూడా అడగలేదు నేను.

డాక్టరుగారు చీటీ వెనక బొమ్మ గీసి చెప్పారు. విరిగింది నడుము పూసల్లో మొదటిది, ఎల్1. పక్కటెముకలతో బిగుసుకున్న వెన్ను, వంగే నడుము కలిసే చోటు కాబట్టి, ఎత్తు నుంచి పడితే దెబ్బ తరచుగా అక్కడే తగులుతుందట. పగిలిన ముక్క ఒకటి వెనక్కి జరిగి నరాలను నొక్కుతోంది. ఆ ఒత్తిడి తీసేసి, పైన రెండు పూసలకు, కింద రెండు పూసలకు కలిపి ఎనిమిది టైటానియం స్క్రూలు, వాటిని కలుపుతూ రెండు కడ్డీలు బిగించారు. ‘ఇవి ఎముకను అతికించవు, అతుక్కునేదాకా కదలకుండా పట్టుకుంటాయి. అతికించుకోవాల్సింది మీ నాన్నే. ముందు బీడీ మానిపించు’ అన్నారు. మానేశాడు. అది నాకు ఆపరేషన్ కన్నా పెద్ద వింత.

ఆపరేషన్ మర్నాడు డాక్టరుగారు దుప్పటి తొలగించి, ‘ఎడమ బొటనవేలు ఆడించు’ అన్నారు. ఎంతసేపు చూశామో తెలియదు. గోరు మీద కల్లు మరక ఇంకా పోలేదు. ఆ వేలు కాస్త కదిలింది. అమ్మ గోడ వైపు తిరిగిపోయింది.

రక్తం ఇచ్చి టీ కూడా తాగకుండా పరీక్షకు పరుగెత్తిన ఇద్దరు డిగ్రీ విద్యార్థులకు, ఆరోగ్యశ్రీ కాగితాల కోసం మాతో పాటు మూడు అంతస్తులు ఎక్కి దిగిన ఆరోగ్యమిత్రకు, నాన్న కోపాన్ని నవ్వుతూ భరించి మంచం మీద పక్కకు ఒత్తిగిలడం నుంచి మళ్లీ నేర్పిన ఫిజియోథెరపిస్టు అమ్మాయికి రుణపడి ఉంటాం. ‘ఒంట్లో ఇంత లోహం ఉంటే పిడుగు నా మీదే పడుతుందా’ అని నాన్న అడిగితే ఆ అమ్మాయి కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

2024లో తెలంగాణ ప్రభుత్వం కల్లు గీసేవాళ్లకు ఇవ్వడం మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కిట్టు మా ఇంట్లోనూ ఉంది. ఆ రోజు అటక మీదే ఉండిపోయింది. ఇప్పుడు చిన్నాన్న దాన్ని వేసుకుని చెట్టెక్కుతున్నాడు. నాన్న నడుముకు బెల్టు పెట్టుకుని కింద కుర్చీలో కూర్చుని, ‘తాడు బిగించావా, మళ్లీ చూసుకో’ అని ప్రతి మట్టకూ కేకలు వేస్తున్నాడు.