ఫిల్మ్ సొసైటీ వార్షిక నివేదిక: యుద్ధాన్ని నవ్వులపాలు చేసిన మూకీలు

గౌరవ సభ్యులకు కార్యవర్గం నమస్కారాలు. గత సర్వసభ్య సమావేశపు తీర్మానం మేరకు ఈ ఏడాది ప్రదర్శనలను యుద్ధాన్ని, సిపాయి కొలువును ఎగతాళి చేసిన మూకీ హాస్యచిత్రాలకే కేటాయించాం.

ఎక్కువ చర్చ జరిగింది చార్లీ చాప్లిన్ ‘షోల్డర్ ఆర్మ్స్’ మీద. మొదటి ప్రపంచయుద్ధం ముగియడానికి సుమారు మూడు వారాల ముందు, 1918 అక్టోబరు 20న, ఇది అమెరికాలో విడుదలైంది. కందకాల్లో మనుషులు చనిపోతున్న రోజుల్లో వాటి మీదే నవ్వులు పూయించడం ప్రమాదమని సన్నిహితులు వారించారు. తాను సైన్యంలో చేరలేదన్న నింద కూడా అప్పటికే చాప్లిన్‌ను వెంటాడుతోంది. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. నీళ్లు నిండిన బంకరులో గ్రామఫోను గొట్టంతో ఊపిరి పీలుస్తూ నిద్రపోవడం, తనకు ఉత్తరం రాకపోతే పక్కవాడి ఉత్తరాన్ని వెనకనుంచి చదువుతూ వాడితోపాటే నవ్వి వాడితోపాటే దిగులుపడడం, పార్సిల్లో వచ్చిన కంపు జున్నును గ్యాసు ముసుగు తగిలించుకుని మరీ జర్మన్ల కందకంలోకి విసరడం వంటి ఘట్టాల్లో హాస్యానికి గురి శత్రువు కన్నా సిపాయి అగచాట్లే. చెట్టు మోడు వేషంతో మొదలై జర్మనీ చక్రవర్తి కైజరును బంధించడం దాకా సాగే రెండో సగం (కైజరు వేషం చాప్లిన్ అన్న సిడ్నీదే) యుద్ధకాలపు ప్రచారానికి దగ్గరగా ఉందని మా అభిప్రాయం. అయితే అదంతా శిక్షణ శిబిరంలో వచ్చిన కల అని చివర తేలడంతో ఆ వీరత్వం గాలి తీసేసినట్టయిందని కొందరు సభ్యులు చేసిన వాదన తోసిపుచ్చదగినది కాదు.

1918లో స్వయంగా సిపాయిగా ఫ్రాన్సు వెళ్లొచ్చిన హాస్యనటుడు బస్టర్ కీటన్, 1926 నాటి ‘ది జనరల్’కు అమెరికా అంతర్యుద్ధాన్ని ఎంచుకున్నాడు. ఇంజను డ్రైవరుగానే ఎక్కువ ఉపయోగమని కథానాయకుణ్ణి సైన్యంలో చేర్చుకోరు, ఆ కారణం మాత్రం అతనికి చెప్పరు. చివరికి అతని చేతిలోని కత్తి పిడినుంచి ఊడి ఎగిరిపోయి, పొంచి ఉన్న శత్రువుకు తగులుతుంది. తగలబడుతున్న వంతెన మీదికి నిజమైన ఇంజనునే నడిపించి నదిలో కూల్చిన దృశ్యం కన్నా, వంతెన నిలుస్తుందని ఆజ్ఞ ఇచ్చిన అధికారి ముఖమే మాకు గొప్ప వ్యంగ్యంగా తోచింది. కథానాయకుడు బానిసత్వాన్ని కాపాడ జూసిన దక్షిణాది పక్షం వాడు కావడంపై సభ్యులు లేవనెత్తిన అభ్యంతరం సమంజసమైనదే.

మరో మూకీ హాస్యనటుడు హ్యారీ లాంగ్డన్ ‘ది స్ట్రాంగ్ మ్యాన్’లో వడిసెలతో యుద్ధం చేసే బెల్జియం సిపాయి ఘట్టాన్ని మాత్రమే చూపించాం.

జమాఖర్చుల పట్టికను విడిగా జతపరిచాం. మొదటి ప్రపంచయుద్ధ రంగంలోనే మొదలయ్యే చాప్లిన్ టాకీ ‘ది గ్రేట్ డిక్టేటర్’ను వచ్చే ఏడాది తొలి ప్రదర్శనగా ప్రతిపాదిస్తున్నాం, వేరే సూచనలుంటే సర్వసభ్య సమావేశానికి ముందే కార్యదర్శికి రాతపూర్వకంగా అందజేయగలరు.