గ్రహణం రోజు డేటా పంచినవాళ్ళకు, మా ఊరికి వైరు లాగినవాళ్ళకు కృతజ్ఞతలు

పోయిన వారం నా పీహెచ్‌డీ వైవా అయిపోయింది. థీసిస్ మొదటి పేజీల్లో అందరికీ ధన్యవాదాలు రాశాను గానీ అది ఇంగ్లీషులో ఉంది, లైబ్రరీ అరలో ఉండిపోతుంది. వాళ్ళు నాకు చేసిందేమిటో మా ఊరివాళ్ళకూ, సీమలో చదువుకునే పిల్లలకూ తెలియాలని ఇక్కడ రాస్తున్నాను. పోస్టు పొడుగే, ఓపిగ్గా చదవండి.

మాది పత్తికొండ దగ్గర ఒక పల్లె. నాయన టమోటా, వేరుశెనగ వేస్తాడు. నేను అనంతపురంలో అయనోస్ఫియర్ మీద పరిశోధన చేశాను. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, ఎక్స్‌రేలు పైనున్న గాలిలోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. అలా విద్యుదావేశం నిండిన పొరలు సుమారు 80 కిలోమీటర్ల ఎత్తు నుంచి మొదలై వందల కిలోమీటర్ల పైదాకా ఉంటాయి. వాటినే అయనోస్ఫియర్ అంటారు. 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల సిగ్నల్ వీటిలోంచే మన ఫోనుకు రావాలి. దారిలో ఎన్ని ఎలక్ట్రాన్లు తగిలితే అంత ఆలస్యం. ఆ ఎలక్ట్రాన్ల లెక్కను మేం టెక్ అంటాం. టెక్ ఒక్క యూనిట్ పెరిగితే మామూలు జీపీఎస్ సిగ్నల్ దూరం లెక్కలో 16 సెంటీమీటర్ల తేడా వస్తుంది. మధ్యాహ్నం పూట యాభై యూనిట్లు కూడా ఉండొచ్చు, అంటే ఎనిమిది మీటర్లు. సూర్యుడి మీద పేలుళ్ళు జరిగితే ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి. అంతరిక్ష వాతావరణం అంటే ఇదే.

ఈ విషయంలో మన సీమ ఉన్న చోటు చాలా విశేషమైనది. భూమి అయస్కాంత మధ్యరేఖ తిరునెల్వేలి దగ్గరగా పోతుంది. పగలు అక్కడ ప్లాస్మా, అంటే విద్యుదావేశం ఉన్న ఆ గాలి, పైకి లేచి, అయస్కాంత రేఖల వెంట ఉత్తరానికీ దక్షిణానికీ జారి, ఉత్తరాన భోపాల్, అహ్మదాబాద్ దగ్గర గుట్టలా పోగవుతుంది. కర్నూలు, అనంతపురం, కడప ఆ దారి కిందే ఉన్నాయి. అదే మధ్యరేఖ ఇథియోపియా, నైజీరియా, పెరూ, బ్రెజిల్ మీదుగా కూడా పోతుంది. అందుకే నాకు సాయం చేసినవాళ్ళలో ఎక్కువమంది ఆ దేశాలవాళ్ళే. మా నెత్తిన ఉన్న ఆకాశం ఒక్కలాంటిదే, మా కష్టాలూ ఇంచుమించు ఒక్కలాంటివే.

2020 మార్చిలో లాక్‌డౌన్ ప్రకటించగానే ఒక బ్యాగుతో ఇల్లు చేరాను. ల్యాబ్ మూతపడింది. కరెంటు, బ్యాటరీలు చూసుకునే మనిషి లేక జీపీఎస్ సిగ్నల్ అందుకుని టెక్ కొలిచే మా రిసీవర్ కూడా ఆగిపోయింది. ఆ నెలల్లో కర్నూలు పేరు రోజూ వార్తల్లో ఉండేది, జిల్లాలో కేసులు అంత ఎక్కువగా వచ్చాయి. నాకేమో జూన్ 21న రాబోయే సూర్యగ్రహణం మీదే ధ్యాస. 2019 డిసెంబరులోనే కొత్త సౌరచక్రం (సుమారు 11 ఏళ్ళకోసారి సూర్యుడి ఉధృతి పెరిగి తగ్గే చక్రం), 25వది, మొదలైంది కాబట్టి సూర్యుడు ఇంకా నెమ్మదిగానే ఉన్నాడు. ఎండ కాసేపు తగ్గితే అయనోస్ఫియర్ ఎంత తగ్గుతుంది, ఎంత ఆలస్యంగా తగ్గుతుంది అని చూడటానికి ఇంతకంటే మంచి అదను దొరకదు. ఆ రోజు వలయ గ్రహణం ఇథియోపియా మీదుగా, అరేబియా మీదుగా వచ్చి రాజస్థాన్, హర్యానా, ఉత్తరాఖండ్ దాటి చైనాకు పోయింది. మన దగ్గర పాక్షికమే. ఆదివారం, అమావాస్య, ఊరంతా తలుపులు మూసుకుని ఉంది. ఆ సమయంలో నా దగ్గర కొలిచే పరికరమే లేదు.

అప్పుడు మొదట ఆదుకున్నది, ఏళ్ళ తరబడి ఎక్కడెక్కడో కూర్చుని డేటాను అందరికీ తెరిచి ఉంచినవాళ్ళు. బెంగళూరులో, హైదరాబాదులో అంతర్జాతీయ జీఎన్‌ఎస్‌ఎస్ (జీపీఎస్ లాంటి ఉపగ్రహాల) నెట్‌వర్క్ స్టేషన్లున్నాయి. వాటి ఫైళ్ళు ఎవరైనా దించుకోవచ్చు. అయస్కాంత తుఫాను సూచీలను జపాన్‌లోని క్యోటో కేంద్రం అందరికీ ఇస్తుంది. ఆ ఫైళ్ళ నుంచి టెక్ లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌ను ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జియోమాగ్నెటిజమ్ శాస్త్రవేత్త ఒకరు ఉచితంగా పంచుతున్నారు. ల్యాబ్‌లకు తాళాలు పడిన ఆ కాలంలో కూడా ఈ సర్వర్లు నడిచాయి. వాటిని నడిపించినవాళ్ళెవరో నాకు తెలియదు. ముందుగా దండం పెట్టాల్సింది వాళ్ళకే.

ఫైళ్ళు దించడానికి నెట్ కావాలి కదా. మా ఇంట్లో ఫోను సిగ్నల్ మిద్దె మీద ఒక మూలనే వచ్చేది. మా ఊరి కేబుల్ అన్నకు సంగతి చెబితే, మాస్కు కట్టుకుని నిచ్చెన వేసుకుని వీధి చివరి నుంచి మా ఇంటికి వైరు లాగాడు. డబ్బులు ఇవ్వబోతే, "నీ చదువైనాక ఇద్దువులే పాపా" అన్నాడు. అన్నా, చదువైపోయింది. ఈసారి తీసుకోకపోతే ఊరుకోను.

ఇథియోపియా అన్న గురించి ఎంత రాసినా తక్కువే. ఒక ఆన్‌లైన్ సెమినార్‌లో పరిచయం. సూర్యుడికీ భూమికీ ఉన్న సంబంధం మీద పనిచేసే స్కోస్టెప్ అనే అంతర్జాతీయ సంస్థ ఆ ఏడాదే ప్రెస్టో అనే ఐదేళ్ళ కార్యక్రమం మొదలుపెట్టి, సెమినార్లు, పాఠాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. నాలాంటివాళ్ళకు విమానం ఖర్చు లేకుండా అంత పెద్దవాళ్ళ మాట వినే వీలు అప్పుడే దొరికింది. గ్రహణం రోజు వాళ్ళ దేశంలోని రిసీవర్ల డేటా పంపుతానని ఆయన మాటిచ్చాడు. జూన్ నెలాఖరులో అక్కడ ఇంటర్నెట్ మొత్తం ఆపేశారు. మూడు వారాలకు పైగా ఒక్క మెయిల్ లేదు, ఆయనకేమైందోనని నిద్ర పట్టలేదు. నెట్ తిరిగి రాగానే నాకొచ్చిన మొదటి మెయిల్‌లో క్షమించమని ఒక్క వాక్యం, కింద ఫైళ్ళన్నీ. క్షమించడానికి ఆయన చేసిన తప్పేముంది!

లెక్కల్లో చిక్కుముడి విప్పింది జపాన్‌లోని ఒక ప్రొఫెసర్ గారు. ఉపగ్రహంలో, రిసీవర్‌లో ఉండే ఎలక్ట్రానిక్స్ వల్ల కొంత ఆలస్యం ముందే చేరి ఉంటుంది. మార్కెట్లో టమోటా తూకం వేసేటప్పుడు పెట్టె బరువు తీసేసినట్టు, దాన్ని తీసేస్తేగానీ అసలు టెక్ తేలదు. నా గ్రాఫుల్లో తెల్లవారుజామున టెక్ సున్నా కంటే కిందికి పోతోంది, అది జరగని పని. ఆయన నా ఫైళ్ళు తెప్పించుకుని, ఎక్కడ తీసేయాలో దశలవారీగా రాసి పంపారు. నా నెట్ బలహీనమని తెలిసి బొమ్మల సైజు తగ్గించి, వివరణంతా మామూలు అక్షరాల్లో రాసేవారు. ఎప్పుడూ చూడని విద్యార్థి కోసం అంత పెద్దాయన అంత ఆలోచించడం నేను మరిచిపోలేను.

బ్రెజిల్ అక్క నాకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పింది. ఆమెకు ఉదయమైతే మాకు సాయంత్రం. ఒడిలో పాపను పెట్టుకుని, నా కోడ్ ఒక్కో వరుస చదివి, "ఇది ఎందుకు రాశావు?" అని అడిగేది. జవాబు చెప్పలేకపోతే ఆ వరుస నేనే తీసేసేదాన్ని.

2021 మే నెల గురించి రాయడం కష్టం. నాయనకు కరోనా సోకింది. కర్నూలు పెద్దాసుపత్రిలో ఉంచాం. నేను బయట చెట్టు కింద కూర్చుని ఆక్సిజన్ లెవెల్ ఎంతుందోనని ఫోను చూసుకుంటూ ఉండేదాన్ని. ఆగస్టులో ఐఏజీఏ (భూ అయస్కాంతత్వం మీద), ఐఏఎస్‌పీఈఐ (భూకంపాల మీద) అనే అంతర్జాతీయ శాస్త్ర సంస్థల ఉమ్మడి సభ హైదరాబాదులో జరగాలి, నా పేపరు ఉంది. దాన్ని వెనక్కి తీసుకుంటానని అందరికీ మెయిల్ పెట్టాను. ఇథియోపియా అన్న ఒప్పుకోలేదు. "బొమ్మలు మేం గీస్తాం, నువ్వు నాన్న దగ్గర ఉండు" అన్నాడు. గీశారు కూడా. నాయన బాగై ఇంటికొచ్చాడు. అక్కడి నర్సమ్మలకు, ఆక్సిజన్ సిలిండర్లు మోసిన తమ్ముళ్ళకు నా జన్మంతా రుణపడి ఉంటాను.

హైదరాబాదు సభ కూడా చివరికి ఆన్‌లైన్‌లోనే జరిగింది. ప్రపంచమంతా కలిసే సభ కర్నూలు నుంచి బస్సులో పోగలిగేంత దగ్గరికి వచ్చి అలా అయిపోయిందని మనసుకు బాధేసింది, ఇప్పటికీ ఉంది. నా వంతు వచ్చిన రోజు ఊళ్ళో కరెంటు లేదు. కేబుల్ అన్న తన ఆఫీసు గదిలో ఇన్వర్టర్ మీద కూర్చోబెట్టాడు. తెర మీద ఒక పక్క ఇథియోపియా, ఒక పక్క బ్రెజిల్, గుమ్మం దగ్గర మా నాయన.

2024 మే 10 రాత్రి పెద్ద సౌర తుఫాను వచ్చినప్పుడు మన దగ్గరంతా ఎన్నికల హడావుడి. లదాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రగా కనిపించింది, అమెరికాలో జీపీఎస్‌తో నడిచే ట్రాక్టర్లు విత్తనాల వేళ ఆగిపోయాయి. ఆ రాత్రి మా బృందమంతా మళ్ళీ మేలుకుంది. ఎవరి స్టేషన్ డేటా వాళ్ళు తెల్లారేలోగా పంచుకున్నారు. ఈసారి మా ల్యాబ్ రిసీవర్ కూడా నడుస్తోంది, అందులో మొదటి ఫైలు నేనే పంపాను.

మా గైడ్ సార్‌కు, ఫీజు గడువు దాటినా నా దరఖాస్తు పక్కన పడేయకుండా చూసిన సెక్షన్ మేడమ్‌కు, రాత్రిళ్ళు మిద్దె మీద నాకు తోడుగా కూర్చున్న అమ్మకు వేరే చెప్పాల్సిన పని లేదు, వాళ్ళకు తెలుసు.

కర్నూలు, అనంతపురం, కడపల్లో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదివే చెల్లెళ్ళు, తమ్ముళ్ళు ఎవరికైనా టెక్ లెక్కలు నేర్చుకోవాలనుంటే నాకు మెసేజ్ పెట్టండి. ప్రొఫెసర్ గారు రాసి పంపిన దశలను ఆయన అనుమతితో తెలుగులోకి తెచ్చాను, ఫైళ్ళతో సహా ఇస్తాను. రాత్రి ఎనిమిది దాటాక ఫోన్లో కూర్చుని చెబుతాను.