రక్తం ఒక్కటే కనబడిందా?

సంపాదకుడు గారికి నమస్కారం,

పోయిన ఆదివారం ఉన్మాదం అంటూ మీరు వేసిన ఆ కత్తుల వీడియో గేమ్ వ్యాసం గురించే రాస్తున్నా. ఎవరో ఒకరు జవాబు రాస్తారులే అని ఊరుకున్నా, తీరా చూస్తే ఆ తర్వాత మీరు వేసిన ఉత్తరాలు కూడా దానికి వంతపాడినవే, అందరిదీ ఒకటే మాట, తలలు తెగుతుంటే చూసి సంతోషపడే మనుషులు తయారవుతున్నారు అని. ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

ఆ వ్యాసం రాసినాయన ఒక గంటసేపైనా కంట్రోలర్ పట్టుకుని ఆడారా? ఆడలేదని నేను గట్టిగా చెప్పగలను, ఎందుకంటే ట్రైలర్‌లో కనబడే ముక్కలు తప్ప ఆ వ్యాసంలో ఇంకేం లేదు. పైగా కత్తుల గేమ్ గురించి రాసి పక్కన తుపాకుల గేమ్ ఫొటో వేశారు, అది కూడా ఎవరూ చూసుకోలేదు. మ్యాచ్ చూడని మనిషితో మీరు క్రికెట్ రిపోర్ట్ రాయించరు కదా, మరి గేముల దగ్గరికొచ్చేసరికి ఎవరు రాసినా ఫర్వాలేదని ఎందుకు అనుకుంటారు?

ఆడేవాళ్ళకి అందులో ఏం దొరుకుతుందో నేను చెప్తా. ఎదురుగా మనకి రెండింతలున్న రాక్షసుడు గొడ్డలి ఎత్తాడు. ఎత్తగానే దించడు, ఒక్క క్షణం ఆపుతాడు. కంగారుపడి ముందే పక్కకి దొర్లామా, మనం లేచేసరికి గొడ్డలి సరిగ్గా నెత్తిన పడుతుంది. దొర్లేటప్పుడు కొద్ది ఫ్రేముల పాటే, అంటే సెకనులో చిన్న ముక్క సేపే, మనకి దెబ్బ తగలదు, ఐ-ఫ్రేమ్స్ అంటాం వాటిని, ఆ కాస్త టైమ్‌లోకే వాడి దెబ్బ వచ్చి పడేలా చూసుకోవాలి. ఇంకోటి స్టామినా, అంటే మన బొమ్మకి ఉండే ఓపిక. ఊరికే కత్తి ఊపుతూ పోతే స్టామినా అయిపోయి తప్పుకోవాల్సిన సమయంలో తప్పుకోలేం. అందుకని ఒకటో రెండో దెబ్బలు వేసి ఆశ చంపుకుని వెనక్కి తగ్గాలి, ఈ ఆశ చంపుకోవడమే అన్నిటికన్నా కష్టం, ఎన్నేళ్ళు ఆడినోళ్ళైనా అక్కడే చస్తారు.

ఇక రక్తం సంగతి. కత్తి తగిలినప్పుడు బొమ్మ రెప్పపాటు ఆగుతుంది, హిట్‌స్టాప్ అంటారు దాన్ని, దానివల్లే ఆ కత్తికి బరువున్నట్టు మన చేతికి తెలుస్తుంది. దాంతోపాటు రక్తం చిమ్మితే దెబ్బ ఒంట్లోకి దిగిందని, నిప్పురవ్వలు లేస్తే డాలుకి తగిలి జారిందని అర్థం. అంత వేగంలో మనకి వేరే ఎవరు చెప్తారు? కొన్ని గేముల్లో రక్తం ఆపేసే ఆప్షన్ కూడా ఉంటుంది, ఆపేసి ఆడినా ఆ రాక్షసుడు అంతే కష్టం, వాడు పడ్డప్పుడు సంతోషం కూడా అంతే. రక్తం కోసమే ఆడేవాళ్ళమైతే అది ఆపేయగానే మానేసేవాళ్ళం కదా!

అలాగని రక్తం ఉన్న ప్రతి గేమూ గొప్పదని నేను అనను. బటన్ నొక్కితే చాలు అందరూ ముక్కలైపోయే గేములున్నాయి, ఎదుటివాడి వల్ల మనకి భయమే ఉండదు, అవి అరగంటకే విసుగొస్తాయి. 2001లో స్పెయిన్ వాళ్ళు చేసిన బ్లేడ్ ఆఫ్ డార్క్‌నెస్ చూడండి, కాళ్ళూ చేతులూ తెగుతాయి, తెగిన చెయ్యి తీసుకుని విసరొచ్చు కూడా, వినడానికి ఘోరంగానే ఉంటుంది, కానీ అందులో ఒక్క మామూలు సైనికుడితో తలపడాలన్నా వాడి అడుగులు చూసుకుంటూ చుట్టూ తిరగాలి. 2011లో వచ్చిన డార్క్ సోల్స్‌లో ఐతే చచ్చిపోతే అప్పటిదాకా పోగేసుకున్న సోల్స్, అంటే ఆ ఆటలో డబ్బులాంటివి, అన్నీ చచ్చిన చోటే పడిపోతాయి, తెచ్చుకోవడానికి ఒక్క ఛాన్స్, దారిలో మళ్ళీ చచ్చామా అంతే సంగతులు. ఇంత జాగ్రత్త నేర్పే గేమ్‌ని పట్టుకుని ఉన్మాదం అని రాస్తే ఒళ్ళు మండదా?

మంత్రాల గురించి ఆ వ్యాసం రాసినాయన ఒక్క ముక్క రాయలేదు, ఆటలో సగం అవే. 1989లో సెగా వాళ్ళ గోల్డెన్ యాక్స్‌లోనే పోగేసిన మంత్రం కుండలు ఇప్పుడే వాడేయాలా, ఇంకొన్ని దాచుకుని పెద్ద మంత్రం వెయ్యాలా అని ఆలోచించాల్సొచ్చేది. 2006లో వచ్చిన డార్క్ మెస్సయాలో నేలని మంచు చేసేస్తే శత్రువులు కాలు జారి లోయలో పడతారు, కత్తితో పనే లేదు. బలం సరిపోనిచోట బుర్ర వాడమని అర్థం.

పిల్లల మీద ప్రభావం గురించి రాసినవాళ్ళకి నా మాట ఇది. ఈ గేములు పిల్లలవి కావు, ఆ సంగతి పెట్టె మీదే ఉంటుంది. 1993లో మోర్టల్ కోంబాట్ లాంటి వాటి మీద అమెరికా సెనేట్‌లో విచారణ జరిగాక ఏ గేమ్ ఏ వయసువాళ్ళకో చెప్పే ఈఎస్ఆర్‌బీ రేటింగులు 1994లో అక్కడ వచ్చాయి, యూరప్‌లో 2003 నుంచి అలాంటిదే పెగి ఉంది. ఈఎస్ఆర్‌బీ వాళ్ళ ఎమ్ అంటే 17 ఏళ్ళు నిండినవాళ్ళకి, పెగి 18 అంటే 18 నిండినవాళ్ళకి. అంత పెద్ద అక్షరం కళ్ళెదుట ఉన్నా చూడకుండా పదేళ్ళ పిల్లాడికి కొనిచ్చేది పెద్దవాళ్ళు, తర్వాత తిట్లు తినేది గేమ్. ఎక్కడ ఏ నేరం జరిగినా ఎవరో ఒక నాయకుడు మైకు ముందుకొచ్చి గేములు నిషేధించాలి అంటాడు, మీరు మొదటి పేజీలో వేస్తారు. వయసు చూసి అమ్ముతున్నారా లేదా అని ఒక్కసారైనా అడిగారా ఆయన్ని? అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో ఏం చెప్పిందో కూడా వెయ్యాలి కదా. అరవడం, తొయ్యడం లాంటి దూకుడుతో కొద్దిపాటి సంబంధం కనబడింది గానీ, నిజమైన హింసకి గేములే కారణం అనడానికి సరిపడా ఆధారాలు లేవని చెప్పింది. రెండు ముక్కలూ వెయ్యండి, నేను ఒక్కటే వెయ్యమని అడగట్లేదు.

అసలు గేమ్ అనే మాట మీ పేపర్లో ఎప్పుడొచ్చినా నేరాల పేజీలోనో, కొత్త ఫోన్ల పక్కనో వస్తుంది. ఆ కోటలు గీసినవాళ్ళు, ఆ సంగీతం చేసినవాళ్ళు, ఒక్కో దెబ్బకి యానిమేషన్ కుదిర్చినవాళ్ళు ఏళ్ళ తరబడి కష్టపడతారు, వాళ్ళ పని గురించి ఒక్క వాక్యం ఉండదు. సినిమాకి వారం వారం రివ్యూ, సీరియల్‌కి కూడా చోటు, దీనికి మాత్రం లేదు. ముందు ఒక పాత పాఠకుడిగా మీ పేపర్‌ని నమ్మేవాణ్ణి, ఈమధ్య తమకి తెలియని విషయం మీద ఎవరో ఒకరితో రాయించి పేజీ నింపడం ఎక్కువైంది, అది గేముల ఒక్కదాని గురించే కాదు.

ఆడినవాళ్ళతో ఒక వ్యాసం రాయించండి. తిడుతూ రాసినా సరే, ఆడి తిట్టమనండి. దాని పక్కనే ఆ గేమ్ ఎన్నేళ్ళ వాళ్ళకో కూడా ప్రింట్ చెయ్యండి, తల్లిదండ్రులకి మీరు రాసిన ఆ మొత్తం పేజీ కన్నా అదే పనికొస్తుంది.

ఇట్లు,
మీ పాఠకుడు