రూపాయి బిళ్ల అడిగే ప్రశ్న: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో 31 ఏళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఏటా కొత్త బ్యాచ్ రాగానే జేబులోంచి రూపాయి బిళ్ల తీసి పైకి ఎగరేసేవాణ్ని. "చెయ్యి వదిలాక, పైకి పోతున్న ఈ బిళ్ల మీద ఏ బలాలు ఉన్నాయి? గాలి సంగతి వదిలేయండి" అని అడిగి, చీటీల మీద రాయమనేవాణ్ని. ఎక్కువ మంది "చేతి బలం పైకి, భూమి ఆకర్షణ కిందికి" అనే రాసేవారు. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు కూడా అంతే. నిజానికి చెయ్యి వదిలిన క్షణం నుంచి ఉన్నది భూమి లాగే బలం ఒక్కటే.

అదే పిల్లలు పబ్లిక్ పరీక్షలో న్యూటన్ రెండో గమన నియమం తెలిపి, సమీకరణం రాబట్టమంటే పేజీలు నింపేవారు. స్పాట్ వాల్యుయేషన్‌లో, దేనికెన్ని మార్కులు వేయాలో చెప్పే స్కీమ్ ప్రకారం 8కి 8 వేసింది నేనే. తప్పేమీ రాయలేదు కాబట్టి వేయాల్సిందే. కానీ ఆ పిల్లవాడి మనసులో రూపాయి బిళ్ల ఎలా ఎగురుతోందో ఆ జవాబు పత్రం నాకు ఎన్నడూ చెప్పలేదు. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఈ పొరపాటు మన పిల్లలది మాత్రమే కాదు. అమెరికాలో ఫిజిక్స్ ప్రొఫెసర్ డేవిడ్ హెస్టెనెస్, ఆయన సహచరులు 1992లో బలం మీద ఒక పరీక్ష తయారు చేశారు. అందులో లెక్కలు కట్టే పని లేదు. తప్పు ఆప్షన్లు పిల్లలు నిజంగా అనుకునే మాటలే. ఇలాంటి పరీక్షలు రాసిన 6,542 మంది ఫలితాలను అక్కడి మరో ఫిజిక్స్ ప్రొఫెసర్ రిచర్డ్ హేక్ 1998లో ప్రచురించారు. లెక్చరర్ చెప్పుకుంటూ పోయిన క్లాసుల్లో, మొదట తెలియనిదాంట్లో పావు వంతు కూడా పిల్లలకు పట్టుబడలేదు. పిల్లల్ని ఆలోచింపజేసి, ఒకరితో ఒకరిని మాట్లాడించిన క్లాసుల్లో దాదాపు సగం పట్టుబడింది. అది చదివాక నేను పాఠం చెప్పే పద్ధతే మార్చుకున్నాను.

మన దేశంలోనూ దారి చూపినవాళ్లున్నారు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడుల్లో మొదలైన సైన్స్ బోధన కార్యక్రమంలో పిల్లలు పరీక్షకు పుస్తకాలు తెచ్చుకోవచ్చు. ప్రయోగం చేసి చూపించే పరీక్ష కూడా ఉండేది. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది.

కొత్తగా చేరిన లెక్చరర్ల క్లాసుల్లో వెనక బెంచీ మీద కూర్చుని, తర్వాత వాళ్లతో మాట్లాడేవాణ్ని. "ఇలా చెబితే సిలబస్ అవ్వదు సార్, టెన్షన్‌గా ఉంది" అనేవారు. వాళ్లనేం అనగలం? పేపరు ఎలా ఉంటే పాఠం అలాగే నడుస్తుంది.

అందుకే అడుగుతున్నాను. ఫిజిక్స్ పేపర్లో కనీసం ఒక 4 మార్కుల ప్రశ్న, గైడులో లేని సందర్భం ఇచ్చి, కారణం రాయమనేలా పెట్టించండి. ఏ ప్రశ్నలో పిల్లలు ఎలాంటి పొరపాటు పడ్డారో వాల్యుయేషన్ అయ్యాక కాలేజీలకు తెలియజేయండి. ఇప్పుడు లెక్చరర్ చేతికి వచ్చేది మార్కు ఒక్కటే.

పిల్లలు రాసిచ్చిన చీటీలు అంటించిన 11 నోటు పుస్తకాలు నా దగ్గరున్నాయి. ప్రశ్నలు తయారు చేసేవాళ్లకు పనికొస్తాయంటే కబురు పెట్టండి. నేనే తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్