బీరువా మీద గీత

మామా,

ఉత్తరం ఆలస్యమైందని తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో. రెండు వారాల్లో మూడుసార్లు మొదలుపెట్టి వదిలేశాను. ఫోన్‌లో చెబుదామంటే నీకు నైట్ షిఫ్టు, పైగా ఇది రెండు నిమిషాల్లో తేలే సంగతి కాదు. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది, పాప మూడో క్లాసుకొచ్చింది, ఇంటి ఓనరు మళ్ళీ పదిహేను వందలు పెంచాడు. అంతే.

చెన్నై శివార్లలో చూసిన ఆ ముడిచూర్ ఇల్లు తీసుకోవడం లేదురా. నువ్వు పంపిన రెండు లక్షలు అకౌంట్లో అలాగే ఉన్నాయి, భయపడకు. కానీ ఎంత దాకా వెళ్ళి ఆగామో నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ఫొటోలు పంపాను కదా, అర గ్రౌండు, అంటే 1200 చదరపు అడుగుల స్థలంలో చిన్న ఇల్లు, ముందు జామచెట్టు. 62 లక్షలు. నాన్నకి ఆ జామచెట్టు చూడగానే మనసు నిండిపోయింది, "ఫ్లాటు కొంటే గాల్లో గది కొన్నట్టేరా, నేల మనదై ఉండాలి" అని ఒకటే మాట. అమ్మకి మెట్లు ఎక్కే పని లేదు. నేను లెక్కలు వేసీ వేసీ నోటుబుక్కు నింపేశాను. బ్యాంకు ఇచ్చేది 80 శాతం, అది ఇంటి ధర మీదే, రిజిస్ట్రేషన్‌కి పైసా ఇవ్వదు. ఇక్కడ స్టాంపు డ్యూటీ 7, రిజిస్ట్రేషన్ ఫీజు 2, కలిపి 9 శాతం, అంటే ఐదున్నర లక్షలు ఎగిరిపోతాయి. చేతి నుంచి పెట్టాల్సింది దగ్గర దగ్గర 18 లక్షలు. నా దగ్గర పదకొండు, నాన్న డిపాజిట్ మూడు, నీవి రెండు, మిగతాదానికి మా ఆవిడ గాజులు తీసి బల్ల మీద పెట్టింది. ఏమీ అనలేదు, పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నేను... సరే, అది వచ్చినప్పుడు చెప్తా.

పోయిన ఆదివారం అడ్వాన్సు ఇద్దామని అందరం బయల్దేరాం. యాభై వేల చెక్కు జేబులో ఉంది. క్రోంపేటలో లోకల్ ఎక్కి తాంబరంలో దిగి, అక్కడి నుంచి ఆటో. ఇల్లు మళ్ళీ ఒకసారి చూశాం. హాల్లో గోడకి నాలుగడుగుల ఎత్తు దాకా టైల్స్ వేసి ఉన్నాయి, బాత్రూంలో వేసినట్టు. మొదటిసారి చూసినప్పుడు నాకు అదే నచ్చింది, పాప గోడల మీద గీసినా తుడిచేస్తే పోతుంది కదా అని. స్విచ్ బోర్డులు కూడా బాగా ఎత్తులో ఉన్నాయి, కింద ఒక్క ప్లగ్గు లేదు. మోటారేమో ఇనప స్టాండు మీద, నా భుజం ఎత్తులో ఉంది. బ్రోకరుని అడిగితే "పిల్లలున్న ఇల్లు సార్, సేఫ్టీకి" అన్నాడు. నీళ్ళు వస్తాయా అని అంతకుముందే అడిగాను. "మెయిన్ రోడ్డు కన్నా ఎత్తు, చుక్క నిలవదు" అన్నాడు. నమ్మాను మామా. నమ్మాలని ఉంది కాబట్టి నమ్మాను.

ఓనరు రావడానికి ఇంకో అరగంట పడుతుందన్నాడు. పాపకి దాహమేసి పక్కింటి గేటు దగ్గర నిలబడితే ఒక పెద్దావిడ లోపలికి పిలిచింది. తెలుగువాళ్ళే, మూడు తరాలుగా ఇక్కడే. "ఆ ఇల్లు తీసుకోబోతా ఉండారా?" అని అడిగింది. అవునన్నాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఒకతూరి లోపలికి రా నాయనా" అని గదిలోకి తీసుకెళ్ళి బీరువా చూపించింది.

పాత ఇనప బీరువా. పిడికి కాస్త పైన అడ్డంగా ఒక గీత, స్కేలు పెట్టి గీసినట్టు. గీతకి పైన ఆకుపచ్చ రంగు నున్నగా మెరుస్తోంది, కింద అంతా పొక్కులు లేచి తుప్పు. చెయ్యి పెట్టి చూశాను. కింద గరుకు గరుకుగా వేళ్ళకి తగులుతోంది. గీత సరిగ్గా నా ఛాతీ దగ్గరకొచ్చింది. పక్కనే పాప నిలబడి ఉంది, దాని తల గీతకి కిందే ఉంది. నాకు ఒళ్ళు జలదరించిందిరా.

"2015లో వెళ్ళం వచ్చినప్పుడు ఇంతవరకూ నీళ్ళు. రెండు రోజులు మేడ మీదే ఉన్నాం, పడవలో తీసకపోయినారు" అంది. పాప నన్ను చూసి "ఎక్కడికి వెళ్ళం నాన్నా?" అంది. అరవంలో వెళ్ళం అంటే వరద, వెల్లం అంటే బెల్లం అని దానికేం తెలుసు. నాకు మాత్రం నీ వెల్లం ముద్ద గుర్తొచ్చింది, ఇంకో రోజైతే పడీ పడీ నవ్వేవాణ్ణి.

ఆ డిసెంబరులో తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్ల వాన పడింది. చెంబరంబాక్కం చెరువు గేట్లు ఎత్తడం వల్లే అంతా మునిగిందని అప్పుడు మనం టీవీ చూసి అనుకున్నాం కదా, ముడిచూర్ సంగతి అది కాదు. ఆ నీళ్ళు అడయారు నదిలో కలిసేది తిరునీర్మలై దగ్గర, ముడిచూర్ దానికి ఎగువన ఉంది. ఇక్కడ ముంచింది ఆదనూరు, మణ్ణివాక్కం వైపు చెరువులు నిండి పొర్లిన నీళ్ళు. తర్వాత కాలవలు వెడల్పు చేశారట, అంత ఎత్తు మళ్ళీ రాలేదట. కానీ 2023లో మిచాంగ్ తుఫానుకి మెట్ల దాకా వచ్చాయని ఆవిడే చెప్పింది. ఆవిడకి మా దగ్గర దాచాల్సిన పనేముంది, చెప్పి ఒరిగేదేముంది? మమ్మల్ని చూసి జాలిపడి చెప్పింది. వచ్చేటప్పుడు కాళ్ళకి దణ్ణం పెట్టాను.

ఓనరు రాకముందే బయటపడ్డాం. ఆటోలో ఎవరూ మాట్లాడలేదు. నాన్న ఇప్పటికీ ముభావంగానే ఉన్నాడు, "వరద ఎప్పుడో వస్తుంది, నేల ఎప్పటికీ ఉంటుంది" అంటున్నాడు. ఆయన్ని ఎలా కాదనను? కానీ అమ్మని ఆ మోకాళ్ళతో మేడ ఎక్కించడం తలుచుకుంటే నా వల్ల కాదురా.

ఇప్పుడు గూడువాంచేరిలో ఒక ఫ్లాటు చూస్తున్నాం. రెండో అంతస్తు, లిఫ్టు ఉంది, 46 లక్షలు, గాజులు ముట్టుకోనక్కర్లేదు. మన వాటాకొచ్చే స్థలం, అదే యూడీఎస్, 400 చదరపు అడుగులకి కాస్త ఎక్కువ. పనికి గిండీ వెళ్ళాలంటే లోకల్‌లో చాలా దూరమే, నిలబడి వెళ్ళాలి. అయినా ఈసారి తొందరపడను. అక్కడా చెరువులున్నాయి. దీపావళి వానలు పడనిచ్చి, గట్టి వాన మర్నాడు పొద్దున్నే ఒక్కణ్ణే వెళ్ళి ఆ వీధిలో నడుస్తా. పక్కిళ్ళలో అడుగుతా, ముందు బీరువాలు చూపించమంటా. నువ్వు కూడా వస్తే బాగుంటుంది, నాన్న నీ మాట వింటాడు, నువ్వంటే ఆయనకి ఒక

స్కూలు బస్సు హారన్ కొడుతోంది, పాప ఇంకా షూ వేసుకోలేదు. ఉంటా మామా. డబ్బులు వెనక్కి పంపనా, ఉంచనా, అది మాత్రం వెంటనే చెప్పు.

నీ
బండోడు