వీడియో కాల్ బుకింగులు ఎందుకు తప్పిపోతున్నాయంటే

కడియంలోని మా నర్సరీలో మొక్కలు తీసుకునే మీ అందరికీ నమస్కారం.

మొక్కలు చూపించే వీడియో కాల్‌కి మేం మెయిల్‌లో క్యాలెండర్ ఇన్వైట్ పంపుతాం. ఈ మధ్య కొందరు కస్టమర్లు ఫోన్ చేసి, "ఇన్వైట్‌కి యాక్సెప్ట్ కొట్టాం, కాల్ మాత్రం రాలేదు" అని బాధపడ్డారు. మా క్యాలెండర్‌లో చూస్తే వాళ్ల జవాబే లేదు. ఇద్దరం చెప్పేదీ నిజమే. తేడా మధ్యలో వస్తోంది.

లారీ లోడు కొనేవారికి ఈ కాల్ ఎంత అవసరమో మాకు తెలుసు. అరెకా పామ్ ఎత్తు, ఫైకస్ మొదలు లావు టేపు పెట్టి చూపిస్తేనే మీరు ఎంచుకోగలరు. ఎంచుకున్న ప్రతి మొక్కకీ మీ పేరుతో ట్యాగ్ కడతాం. కాల్ తప్పితే లోడింగ్ వెనక్కి పోతుంది. అక్కడ సైట్‌లో గుంతలు తవ్వించి కూలీలను పెట్టుకున్నవాళ్లకి అది ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు.

అసలు చిక్కు ఎక్కువగా ఫార్వర్డ్ దగ్గర వస్తోంది. మేం ఇన్వైట్ మీ తరఫు మేనేజర్ గారికి పంపుతాం. ఆయన దాన్ని సైట్ ఇంజినీర్‌కి ఫార్వర్డ్ చేస్తారు. ఇంజినీర్ యాక్సెప్ట్ కొడతారు. కానీ మేం పిలిచినవాళ్లలో ఆయన మెయిల్ ఐడీ లేదు కాబట్టి, మా క్యాలెండర్‌లో మేనేజర్ గారి పేరు పక్కన జవాబు రానట్టే ఉండిపోతుంది. వానపడి టైమ్ మారిస్తే ఇంకా ఇబ్బంది. కొత్త టైమ్ మేనేజర్ గారికే వెళ్తుంది, ఇంజినీర్ ఫోన్‌లో పాత టైమే ఉంటుంది. ఆఫీసులో అందరికీ కలిపి ఒకే మెయిల్ ఐడీ ఉన్నచోటా దాదాపు ఇదే కథ. అందుకే కాల్‌లో ఎవరు ఉంటారో వాళ్ల మెయిల్ ఐడీయే మాకివ్వండి. ఇద్దరైతే ఇద్దరివీ ఇవ్వండి, ఇద్దరికీ మేమే పంపుతాం.

మెయిల్ వచ్చినా క్యాలెండర్‌లో ఎక్కకపోతే సెట్టింగ్ చూడండి. గూగుల్ క్యాలెండర్‌లో తెలిసినవాళ్ల ఇన్వైట్లే చేరేలా, లేదా మీరు జవాబిచ్చాకే చేరేలా పెట్టుకోవచ్చు. మీది అలా ఉంటే మా ఐడీని కాంటాక్ట్స్‌లో సేవ్ చేసుకోండి, లేదా మెయిల్ తెరిచి జవాబు నొక్కండి.

ఒకాయనకి పదకొండు గంటల కాల్ తెల్లవారుజామున ఐదున్నరకి కనిపించింది. ఆ ఇన్వైట్ మెయిల్‌తో పాటు వెళ్లే క్యాలెండర్ ఫైల్‌ని మామూలు అక్షరాల్లో తెరిచి చూశాం. టైమ్ దగ్గర 053000 అని, చివర జెడ్ అక్షరం ఉంది. ఆ జెడ్ ఉంటే అది అంతర్జాతీయ సమయం (యూటీసీ) అని అర్థం. దానికి మన ఐదున్నర గంటలు కలిపితే సరిగ్గా పదకొండు. ఫైల్‌లో తప్పేమీ లేదు, ఆయన క్యాలెండర్‌లో టైమ్ జోన్ ఇండియాకి పెట్టి లేదు. ఈ ఫైళ్ల పద్ధతి 1998 నుంచీ ఉంది, 2009లో సవరించారు కూడా. అయినా చూపించేది మన సెట్టింగుల ప్రకారమే.

అమెరికాలో ఉండి కోనసీమలో ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. డల్లాస్‌లో రాత్రి తొమ్మిదంటే వేసవిలో మనకి మర్నాడు ఉదయం ఏడున్నర, నవంబర్‌లో అక్కడ గడియారాలు మార్చాక ఎనిమిదిన్నర. మొక్క రంగు చూపించడానికి రెండూ మంచి వెలుతురే, కానీ లోడింగ్ మనుషులు ఎనిమిదికల్లా పనిలో దిగిపోతారు. కాబట్టి చలికాలం బుకింగులు ముందే చెప్పండి.

ఇక నుంచి ప్రతి ఇన్వైట్‌తో పాటు వాట్సాప్‌లో తేదీ, భారత సమయం తెలుగులో రాసి పంపుతాం. అక్కడ మీరు "సరే" అంటే చాలు, బుకింగ్ ఖాయం. క్యాలెండర్‌లో జవాబు కనబడలేదని మీ పేరున ట్యాగ్ కట్టిన మొక్కని ఇంకొకరికి ఇవ్వం. ముందు మీకు ఫోన్ చేసి కనుక్కుంటాం.