వెన్నెముక వాతానికి మాత్రలు సరే, టెస్టుల మాటేంటి?

యాంకిలోజింగ్ స్పాండిలైటిస్‌కి, అంటే వెన్నెముక బిగుసుకుపోయే వాతానికి, ఇంజెక్షన్ల బదులు మాత్రలొచ్చాయని మీ పేపర్లో రాశారు, బానే ఉంది గానీ అవి మొదలెట్టేముందు చేయించాల్సిన టెస్టుల గురించి ఒక్క ముక్క లేదు. తొమ్మిదేళ్లుగా ఈ జబ్బుతో ఉన్నవాణ్ణి, పొద్దున్నే నడుం కొయ్యబారిపోయి సాక్సు వేసుకోడానికి కూడా వంగలేను, మాత్ర అనగానే ఎంత ఆశ పుడుతుందో నాకు తెలుసు. ఆ మాత్రలు రెండు, టోఫాసిటినిబ్ 5 మి.గ్రా. రోజుకి రెండుసార్లు, ఉపాడాసిటినిబ్ 15 మి.గ్రా. ఒక్కసారి, మింగడం తేలికే, కానీ ఇవి ఇమ్యూనిటీని తగ్గిస్తాయి, లోపల దాక్కున్న టీబీ తిరగబెట్టొచ్చు, అక్కి లేవొచ్చు, అందుకే ముందు టీబీ, హెపటైటిస్ బి, రక్తకణాలు, లివర్, కొలెస్ట్రాల్ చూడాలి, పైగా గుండెపోటు, రక్తం గడ్డలు, క్యాన్సర్ రిస్కు గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లోనే గట్టి హెచ్చరిక పెట్టింది, పొగ తాగేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఇంకోటి, ఈ జబ్బుకి మొదట ఇచ్చేది నాప్రోక్సెన్ లాంటి నొప్పి మాత్రలే (జనానికి అవంటే ఎందుకో చులకన), అవి పనిచేయకపోతేనే ఇవి. డాక్టర్ దగ్గర వెయిటింగ్ హాల్లో నెలల తరబడి స్టెరాయిడ్ మింగుతున్నవాళ్లని చూశా, వెన్నుకి దాంతో ఒరిగేదేం లేదు, ఎముకలు గుల్లబారడం తప్ప. చీటీతో పాటే ఏ టెస్టు ఎప్పుడు చేయించాలో, జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేయాలో తెలుగులో ఒక పేజీ ఇవ్వాలి, పాత చీటీ చూపిస్తే మందుల షాపువాళ్లు ఈ మాత్రలు ఇవ్వకూడదు.